ఎక్స్‌టెన్షన్‌లో పంపిన మెసేజ్ అవతల అందట్లేదా? లైన్ ఎక్కడ తెగిందో ఇలా పట్టుకోండి

మా అక్క కూతురు డల్లాస్‌లో పుట్టి పెరిగింది. తెలుగు చదవడం వచ్చు గానీ పేపర్ భాషలో చాలా మాటలకి అర్థం తెలీదు, అందుకని తన కోసం నేనొక చిన్న క్రోమ్ ఎక్స్‌టెన్షన్ రాశా. పేజీలో ఏదైనా మాట సెలెక్ట్ చేస్తే పక్కనే చిన్న పెట్టెలో అర్థం వస్తుంది, పైన ఐకాన్ నొక్కితే ఆ రోజు చూసిన మాటలన్నీ లిస్ట్‌గా వస్తాయి, అంతే. నా కంప్యూటర్‌లో బాగా నడిచింది. తనకి పంపాక "మామయ్యా, మొదట్లో వస్తోంది, కాసేపాగి నొక్కితే అర్థం దొరకలేదు అంటోంది" అని చెప్పింది. నేను తెరిచి చూస్తే మళ్ళీ అంతా బాగానే ఉంటుంది. తను చూస్తే పోతుంది. ఇలా రెండు సాయంత్రాలు గడిచాక గానీ అసలు సంగతి దొరకలేదు, అదేంటో కింద దాని చోటులో చెప్తా.

ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది దాంట్లో ఒక భాగం ఇంకో భాగానికి కబురు పంపే ఈ మెసేజింగ్ దగ్గరే. కానీ మెసేజ్ ఊరికే గాల్లో కలిసిపోదు. దీన్ని ఫోన్ కాల్‌లా అనుకోండి. మీరు చేసిన క్షణంలో అవతల ఎత్తడానికి ఎవరైనా ఉన్నారా, ఎత్తినవాళ్ళు జవాబు చెప్పేదాకా లైన్‌లో ఉన్నారా, ఈ రెండూ విడివిడిగా అడిగితే చాలావరకు అక్కడే తేలిపోతుంది. రెండూ కలిపి "మెసేజ్ పని చెయ్యట్లేదు" అనుకుంటేనే కోడ్ అంతా అటూ ఇటూ మార్చేసి ఇంకా చిక్కు చేసుకుంటాం, నేనూ అదే చేశా.

ముందు ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యగలరో చూద్దాం

మామూలు ఎక్స్‌టెన్షన్‌లో మూడు చోట్ల కోడ్ నడుస్తుంది. వెబ్ పేజీ లోపల నడిచేది కంటెంట్ స్క్రిప్ట్. వెనకాల ఏ కిటికీ లేకుండా నడిచేది సర్వీస్ వర్కర్, మానిఫెస్ట్ (ఎక్స్‌టెన్షన్ వివరాలు, పర్మిషన్లు రాసే ఫైల్) వీ3లో పాత బ్యాక్‌గ్రౌండ్ పేజీ బదులు వచ్చింది ఇదే. ఐకాన్ నొక్కితే తెరుచుకునేది పాపప్.

కంటెంట్ స్క్రిప్ట్ నుంచి వెనక్కి పంపాలంటే క్రోమ్.రన్‌టైమ్.సెండ్‌మెసేజ్. వెనక నుంచి గానీ పాపప్ నుంచి గానీ పేజీలోకి పంపాలంటే మాత్రం అది కాదు, క్రోమ్.ట్యాబ్స్.సెండ్‌మెసేజ్, దానికి ఏ ట్యాబో ఐడీ ఇవ్వాలి. కొత్తగా రాసేవాళ్ళు మొదట చేసే తప్పు ఇదే, పాపప్‌లో రన్‌టైమ్.సెండ్‌మెసేజ్ రాసి కంటెంట్ స్క్రిప్ట్ వింటుందని ఎదురుచూస్తారు. అది ఎప్పటికీ వినదు, ఎందుకంటే రన్‌టైమ్‌తో పంపింది ఎక్స్‌టెన్షన్ సొంత పేజీలకీ సర్వీస్ వర్కర్‌కీ మాత్రమే వెళ్తుంది, అది కూడా పంపిన ఫ్రేమ్‌కి తప్ప. అంటే పాపప్‌లో పంపి ఆ పాపప్‌లోనే విందాం అంటే కూడా కుదరదు. ఇంకోటి, కంటెంట్ స్క్రిప్ట్‌లో క్రోమ్.ట్యాబ్స్ అనేదే ఉండదు, కాబట్టి ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కి మాట చేరాలంటే మధ్యలో సర్వీస్ వర్కర్ అందుకుని పంపాల్సిందే.

ట్యాబ్ ఐడీ ఎక్కడ్నుంచి తెచ్చుకోవాలి అనేది కూడా చూసుకోండి. కంటెంట్ స్క్రిప్ట్ నుంచి వచ్చిన మెసేజ్‌కి తిరిగి అక్కడికే ఏదైనా పంపాలంటే లిజనర్‌కి, అంటే మెసేజ్ వినే ఫంక్షన్‌కి, రెండో ఆర్గ్యుమెంట్‌గా వచ్చే సెండర్‌లో సెండర్.ట్యాబ్.ఐడీ ఉంటుంది, అదే వాడండి. చాలామంది అక్కడ కూడా ట్యాబ్స్.క్వెరీ చేసి యాక్టివ్ ట్యాబ్ ఏదని అడుగుతారు, ఆ లోపు వాడేవాళ్ళు ఇంకో ట్యాబ్‌కి మారిపోతే జవాబు పక్కింటికి పోతుంది. పైగా డెవ్‌టూల్స్‌ని (క్రోమ్‌లో కోడ్ పరీక్షించే ప్యానెల్) వేరే విండోగా తీసి దాని మీద క్లిక్ చేసి ఉంటే ఆ క్వెరీకి ఖాళీ లిస్ట్ రావచ్చు, అప్పుడు మొదటి ట్యాబ్ ఐడీ తీసుకోబోతే "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్" అని పడుతుంది. పాపప్ నుంచి వచ్చిన మెసేజ్‌కి సెండర్.ట్యాబ్ ఉండదు, అది తప్పు కాదు, పాపప్ ట్యాబ్ కాదు కాబట్టి.

కన్సోల్ ఒకటి కాదు, మూడు

కన్సోల్.లాగ్ పెట్టా గానీ ఏమీ రావట్లేదు అనేవాళ్ళు చాలామంది వేరే కన్సోల్ చూస్తుంటారు. కంటెంట్ స్క్రిప్ట్ లాగ్స్ ఆ వెబ్ పేజీ డెవ్‌టూల్స్‌లో వస్తాయి, అక్కడ కన్సోల్ పైన "టాప్" అని డ్రాప్‌డౌన్ ఉంటుంది, దాంట్లో మీ ఎక్స్‌టెన్షన్ పేరు ఎంచుకుంటే కంటెంట్ స్క్రిప్ట్ వేరియబుల్స్ టైప్ చేసి చూడొచ్చు. పాపప్ లాగ్స్ కోసం ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ పాపప్ అనాలి. సర్వీస్ వర్కర్‌ది ఎక్స్‌టెన్షన్స్ పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే మీ కార్డు మీద "సర్వీస్ వర్కర్" అని లింక్ వస్తుంది, అది నొక్కాలి. అదే కార్డు మీద ఎర్రర్స్ బటన్ కనిపిస్తే ముందు అది చదవండి.

ప్రతి మెసేజ్‌కి టైప్ అని ఒక ఫీల్డ్ పెట్టండి, నా దాంట్లో "మాట అర్థం", "ఈరోజు లిస్ట్" లాంటివి. పంపే ముందు ఒక లాగ్, లిజనర్ మొదటి లైన్‌లో ఒక లాగ్, జవాబు ఇచ్చే ముందు ఒకటి, జవాబు అందాక ఒకటి. ఈ నాలుగింటిలో ఎన్నోది ఆగిపోయిందో చూస్తే లైన్ ఎక్కడ తెగిందో కళ్ళకి కనిపిస్తుంది. ఇది పెట్టకుండా ఇంకేమీ మార్చొద్దు.

"రిసీవింగ్ ఎండ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్"

పూర్తి ఎర్రర్ "కుడ్ నాట్ ఎస్టాబ్లిష్ కనెక్షన్. రిసీవింగ్ ఎండ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని వస్తుంది. అంటే ఫోన్ మోగింది, ఎత్తడానికి ఇంట్లో ఎవరూ లేరు. పంపడంలో తప్పు లేదు, తప్పు అవతలి వైపు. ఇది గుర్తుంటే సగం టైమ్ మిగులుతుంది.

పాపప్ నుంచి గానీ వర్కర్ నుంచి గానీ ట్యాబ్‌కి పంపినప్పుడు ఇది వస్తే ఆ ట్యాబ్‌లో కంటెంట్ స్క్రిప్ట్ లేదు. ఎందుకు లేదు? అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేయకముందో రీలోడ్ చేయకముందో తెరిచి ఉంచిన ట్యాబ్. మానిఫెస్ట్‌లో రాసిన కంటెంట్ స్క్రిప్ట్ పేజీ లోడ్ అయ్యేటప్పుడే ఎక్కుతుంది, ముందే తెరిచి ఉన్న పేజీల్లోకి క్రోమ్ తనంతట తాను ఎక్కించదు. పేజీ రిఫ్రెష్ చేస్తే పని చేసిందంటే కారణం ఇదే. కానీ వాడేవాళ్ళని రిఫ్రెష్ చెయ్యమని చెప్పడం సబబు కాదు, ఇన్‌స్టాల్ చేసి అదే పేజీలో వెంటనే నొక్కి చూస్తారు ఎవరైనా, అక్కడ పని చెయ్యకపోతే తీసేస్తారు.

దీనికి నేను చేసేది ఇది. అసలు మెసేజ్ పంపే ముందు ఆ ట్యాబ్‌కి చిన్న "ఉన్నావా" మెసేజ్ పంపుతా, ఎర్రర్ వస్తే క్రోమ్.స్క్రిప్టింగ్.ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌తో కంటెంట్ స్క్రిప్ట్‌ని అప్పటికప్పుడు ఎక్కించి, అది పూర్తయ్యాక అసలు మెసేజ్ పంపుతా. దీనికి మానిఫెస్ట్‌లో స్క్రిప్టింగ్ పర్మిషన్ కావాలి, దాంతోపాటు ఆ సైట్‌కి హోస్ట్ పర్మిషన్ ఉండాలి, లేదా వాడేవాళ్ళు ఐకాన్ నొక్కినప్పుడే అయితే ఆ ట్యాబ్ వరకే అనుమతిచ్చే యాక్టివ్‌ట్యాబ్ పర్మిషన్ చాలు. అడగకుండా ప్రతిసారీ ఎక్కించేస్తే ఒకే స్క్రిప్ట్ రెండుసార్లు ఎక్కి లిజనర్లు రెండైపోతాయి, లేకపోతే పైన కాన్స్ట్‌తో రాసిన పేరు "ఆల్రెడీ బీన్ డిక్లేర్డ్" అని ఎర్రర్ కొడుతుంది. అందుకే ముందు అడగడం.

రిఫ్రెష్ చేసినా అదే ఎర్రరా? అప్పుడు మ్యాచ్ ప్యాటర్న్, అంటే స్క్రిప్ట్ ఏ అడ్రస్‌లలో ఎక్కాలో మానిఫెస్ట్‌లో రాసేది, చూడండి. చివర స్లాష్ తర్వాత స్టార్ పెట్టడం మర్చిపోతే ఆ సైట్ హోమ్ పేజీ ఒక్కటే మ్యాచ్ అవుతుంది, లోపలి వార్తల పేజీలు ఏవీ అవ్వవు. ఎస్ లేని హెచ్‌టీటీపీ రాసి సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో ఉన్నా అంతే. క్రోమ్ సొంత పేజీల్లో, అంటే సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్స్ లాంటి వాటిలో, వెబ్ స్టోర్ పేజీల్లో కంటెంట్ స్క్రిప్ట్ అసలు ఎక్కదు, మీరేం చేసినా ఎక్కదు, అక్కడ పాపప్‌లో "ఈ పేజీలో పని చెయ్యదు" అని మర్యాదగా చూపించడమే. కంప్యూటర్‌లో సేవ్ చేసిన ఫైల్ తెరిచి టెస్ట్ చేస్తుంటే ఎక్స్‌టెన్షన్ డీటెయిల్స్‌లో ఫైల్ యూఆర్ఎల్స్‌కి యాక్సెస్ ఇచ్చే స్విచ్ ఒకటుంది, అది ఆన్ చెయ్యాలి. సైట్ యాక్సెస్‌ని ఎవరైనా "ఆన్ క్లిక్" అని మార్చి పెట్టుకుంటే కూడా నొక్కేదాకా స్క్రిప్ట్ ఎక్కదు, "నాకు మాత్రమే రావట్లేదు" అనేవాళ్ళ దగ్గర ఇది తప్పకుండా అడగండి.

ఇంకో రకం, కంటెంట్ స్క్రిప్ట్ నుంచి వర్కర్‌కి పంపినప్పుడు ఇదే ఎర్రర్. అంటే వర్కరే లేవలేదు, లేదా లేచింది గానీ లిజనర్ పెట్టలేదు. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో "సర్వీస్ వర్కర్ రిజిస్ట్రేషన్ ఫెయిల్డ్. స్టేటస్ కోడ్: 15" అని ఉందేమో చూడండి. అది ఉంటే ఫైల్ మొదలవుతూనే ఎర్రర్ వచ్చి పడిపోయింది. విండో, డాక్యుమెంట్, లోకల్‌స్టోరేజ్ ఇవేవీ వర్కర్‌లో ఉండవు, పాత కోడ్ తెచ్చి పెట్టినప్పుడు వీటి మీదే పడుతుంది. ఇంపోర్ట్ స్టేట్‌మెంట్ వాడుతూ మానిఫెస్ట్‌లో బ్యాక్‌గ్రౌండ్ కింద టైప్ మాడ్యూల్ అని రాయకపోయినా అంతే.

పాపప్‌కి పంపినప్పుడు వస్తే మాత్రం అది జబ్బు కాదు. పాపప్ మూసేశాక దాని కోడ్ మొత్తం పోతుంది, పక్కన పేజీ మీద ఒక్క క్లిక్ చేసినా మూసుకుంటుంది. కాబట్టి వర్కర్ నుంచి పాపప్‌కి విషయం తోయడం కంటే, వర్కర్ దాన్ని స్టోరేజ్‌లో రాయాలి, పాపప్ తెరుచుకున్నప్పుడు స్టోరేజ్ చదువుకోవాలి, తెరిచి ఉండగా మారితే స్టోరేజ్.ఆన్‌ఛేంజ్డ్ వింటే చాలు. నా మాటల లిస్ట్ మొత్తం ఇలాగే మార్చాను, మెసేజ్‌లు సగం తగ్గిపోయాయి.

మీరు ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్ళు కాకుండా మామూలు వెబ్‌సైట్ చేసేవాళ్ళయితే, మీ సైట్ కన్సోల్‌లో "అన్‌చెక్డ్ రన్‌టైమ్.లాస్ట్‌ఎర్రర్" అని ముందు పెట్టి ఇదే వాక్యం కనిపిస్తే కంగారు పడొద్దు. అది మీ బ్రౌజర్‌లో ఉన్న ఏదో ఎక్స్‌టెన్షన్ ఎర్రర్, మీ సైట్‌ది కాదు. ఎక్స్‌టెన్షన్లు లేకుండా ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే పోతుంది.

ఎత్తారు గానీ జవాబు చెప్పకుండా పెట్టేశారు

"ద మెసేజ్ పోర్ట్ క్లోజ్డ్ బిఫోర్ ఎ రెస్పాన్స్ వాజ్ రిసీవ్డ్." ఇది వస్తే అవతల లిజనర్ ఉంది, మెసేజ్ అందింది, కానీ జవాబు ఇవ్వకుండానే లైన్ కట్ అయింది. లిజనర్ ఫంక్షన్ పూర్తయ్యాక క్రోమ్ ఆ లైన్ మూసేస్తుంది, నెట్ నుంచి తెచ్చే మీ ఫెచ్ రెండు సెకన్ల తర్వాత అర్థం తెచ్చి సెండ్‌రెస్పాన్స్ పిలిచేసరికి వినడానికి ఎవరూ ఉండరు. లైన్‌లో ఉండండి, కనుక్కుని చెప్తా అని క్రోమ్‌కి చెప్పడమే రిటర్న్ ట్రూ. ఆ లైన్ ఒక్కటీ లిజనర్ చివర రాస్తే లైన్ తెరిచే ఉంటుంది.

ఇది చాలామందికి తెలుసు, తెలిసీ ఎక్కడ పడతామంటే లిజనర్ ముందు ఎసింక్ అని రాసినప్పుడు. ఎసింక్ ఫంక్షన్ లోపల మీరు రిటర్న్ ట్రూ అన్నా బయటికి వచ్చేది ట్రూ కాదు, ప్రామిస్, అంటే విలువ తర్వాత ఇస్తానని చెప్పే ఆబ్జెక్ట్. క్రోమ్ చాలా ఏళ్ళు ఆ ప్రామిస్‌ని పట్టించుకోలేదు, వాడేవాళ్ళందరి దగ్గరా ఒకటే వెర్షన్ ఉండదు కాబట్టి దాని మీద ఆధారపడొద్దు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రామిస్ తిరిగిస్తే అదే జవాబుగా వెళ్తుంది, అందుకే అక్కడ రాసి నడిచిన కోడ్ క్రోమ్‌కి తెచ్చేసరికి మూగబోతుంది. రెండిట్లోనూ నడిచే పద్ధతి ఏంటంటే లిజనర్‌ని మామూలు ఫంక్షన్‌గానే ఉంచి, అసలు పనిని వేరే ఎసింక్ ఫంక్షన్‌లో పెట్టి, లిజనర్ దాన్ని పిలిచి, దాని దెన్‌లో సెండ్‌రెస్పాన్స్ ఇచ్చి, కింద రిటర్న్ ట్రూ రాయడం.

క్యాచ్ మర్చిపోవద్దు. నెట్ లేక ఫెచ్ పడిపోతే దెన్ నడవదు, సెండ్‌రెస్పాన్స్ ఎప్పటికీ పిలవబడదు, అప్పుడు వచ్చేది ఇంకో ఎర్రర్, "ఎ లిజనర్ ఇండికేటెడ్ యాన్ ఎసింక్రనస్ రెస్పాన్స్ బై రిటర్నింగ్ ట్రూ, బట్ ద మెసేజ్ ఛానెల్ క్లోజ్డ్ బిఫోర్ ఎ రెస్పాన్స్ వాజ్ రిసీవ్డ్" అని. పొడుగ్గా ఉంది గానీ చెప్పేది సూటిగానే ఉంది, లైన్‌లో ఉండమన్నావు, తిరిగి రాలేదు అని. కాబట్టి క్యాచ్‌లో కూడా ఓకే ఫాల్స్, కారణం ఫలానా అని ఒక జవాబు పంపండి. జవాబు వచ్చేలోపు ట్యాబ్ మూసేసినా ఇంకో పేజీకి వెళ్ళినా కూడా ఇదే వస్తుంది, దానికి మనం చేసేదేం లేదు, పట్టుకుని వదిలెయ్యడమే.

ఇప్పుడు అసలు మోసం చేసేది. పంపేవైపు కాల్‌బ్యాక్ బదులు ఎవెయిట్ వాడితే, లిజనర్ జవాబివ్వకుండా లైన్ మూసినప్పుడు మామూలుగా ఎర్రర్ కూడా రాదు, అన్‌డిఫైన్డ్ వస్తుంది. జవాబు ఆశించకుండా పంపేవాళ్ళు కూడా ఉంటారు కదా, అందుకని క్రోమ్ దాన్ని తప్పుగా లెక్కపెట్టదు. మీరేమో సర్వర్ ఖాళీ ఇచ్చిందేమో అని అటు వెతుకుతారు. జవాబు అన్‌డిఫైన్డ్ అయితే ముందు రిటర్న్ ట్రూ వైపు చూడండి.

లిజనర్లు రెండు మూడు చోట్ల ఉంటే మొదట పిలిచిన సెండ్‌రెస్పాన్సే లెక్క, మిగతావి వృథా. తనది కాని టైప్ వస్తే లిజనర్ ఏమీ చెయ్యకుండా వెనక్కి రావాలి, సెండ్‌రెస్పాన్స్ ముట్టుకోకూడదు, రిటర్న్ ట్రూ కూడా అనకూడదు. ఆఫ్‌స్క్రీన్ డాక్యుమెంట్ (ఎక్స్‌టెన్షన్ కనిపించకుండా తెరిచే పేజీ) వాడుతుంటే ఇది ఇంకా ముఖ్యం, రన్‌టైమ్‌తో పంపిన ప్రతి మెసేజ్ దానికీ చేరుతుంది, కాబట్టి మెసేజ్‌లో టార్గెట్ అని ఇంకో ఫీల్డ్ పెట్టి ఎవరి కోసమో రాసుకోండి.

వర్కర్ నిద్రపోయింది, లేచాక ఏమీ గుర్తులేదు

మా మేనకోడలి కష్టం ఇదే. సర్వీస్ వర్కర్ ఎప్పుడూ నడుస్తూ ఉండేది కాదు. 30 సెకన్ల పాటు ఏ ఈవెంటూ, ఏ ఎక్స్‌టెన్షన్ ఏపీఐ కాలూ లేకపోతే క్రోమ్ దాన్ని ఆపేస్తుంది. మళ్ళీ మెసేజ్ వస్తే లేపుతుంది, కానీ లేవడం అంటే ఫైల్ మొదటి లైన్ నుంచి కొత్తగా నడవడం, గ్లోబల్ వేరియబుల్స్‌లో పెట్టుకున్నదంతా పోతుంది. నేను ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ అయినప్పుడు మాటల ఫైల్ మొత్తం తెచ్చి ఒక గ్లోబల్ మ్యాప్‌లో పెట్టుకున్నా. మొదట్లో అడిగితే దొరికేది. తను ఒక వార్త రెండు నిమిషాలు చదివి ఇంకో మాట సెలెక్ట్ చేసేసరికి వర్కర్ ఆగి, లేచి, ఖాళీ మ్యాప్‌లో వెతికి, "అర్థం దొరకలేదు" అని నిజాయితీగా జవాబు చెప్పేది. మెసేజ్ అందింది, జవాబూ వచ్చింది, ఏ ఎర్రరూ లేదు.

మరి నాకెందుకు కనిపించలేదు? సర్వీస్ వర్కర్ డెవ్‌టూల్స్ తెరిచి ఉన్నంతసేపు క్రోమ్ దాన్ని నిద్రపోనివ్వదు. నేను వెతకడానికి డెవ్‌టూల్స్ తెరిచేవాణ్ణి, తెరవగానే జబ్బు మాయం. కాబట్టి ఇలాంటి వాటిని డెవ్‌టూల్స్ మూసి టెస్ట్ చెయ్యాలి. అడ్రస్ బార్‌లో క్రోమ్://సర్వీస్‌వర్కర్-ఇంటర్నల్స్ తెరిస్తే నడుస్తున్న వర్కర్లన్నీ కనిపిస్తాయి, మీ ఎక్స్‌టెన్షన్ ఐడీ ఉన్నదాని దగ్గర స్టాప్ నొక్కి, వెంటనే పేజీకి వెళ్ళి మాట సెలెక్ట్ చెయ్యండి. 30 సెకన్లు ఆగే పని లేకుండా అక్కడికక్కడే బయటపడుతుంది.

సరిచెయ్యడం కష్టం కాదు. గుర్తుండాల్సింది ఏదైనా క్రోమ్.స్టోరేజ్‌లో పెట్టండి. బ్రౌజర్ మూసేదాకా చాలనుకుంటే స్టోరేజ్.సెషన్ ఉంది, క్రోమ్ 102లో వచ్చింది, డిస్క్ మీద రాయదు, 112 నుంచి 10 ఎంబీ దాకా పడుతుంది. అది మామూలుగా కంటెంట్ స్క్రిప్ట్‌కి కనిపించదు, కావాలంటే సెట్‌యాక్సెస్‌లెవెల్‌తో తెరవాలి. శాశ్వతంగా ఉండాల్సినవి స్టోరేజ్.లోకల్‌లో. లిజనర్ ప్రతిసారీ ముందు మెమరీలో ఉందా చూసి, లేకపోతే స్టోరేజ్ నుంచి తెచ్చుకుని జవాబివ్వాలి. నిమిషం తర్వాత ఏదో చెయ్యాలని సెట్‌టైమౌట్ పెడితే అది నడవకముందే వర్కర్ పోవచ్చు, దానికి అలారమ్స్ ఏపీఐ వాడండి, క్రోమ్ 120 నుంచి కనీసం 30 సెకన్లకి పెట్టుకోవచ్చు.

ఇంకో మెలిక ఉంది ఇక్కడ. లిజనర్‌ని ఫైల్ పైనే, ఏ ఎవెయిట్ తర్వాతా కాకుండా, సూటిగా రిజిస్టర్ చెయ్యాలి. సెట్టింగ్స్ స్టోరేజ్ నుంచి చదివాక ఆన్‌మెసేజ్.యాడ్‌లిజనర్ అందాం అనుకుంటారు, చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది, కానీ మెసేజ్ వల్ల వర్కర్ లేచినప్పుడు మొదటి విడతలోనే లిజనర్ ఉండాలి, ఆలస్యంగా పెడితే ఆ మెసేజ్ చేజారిపోతుంది. సెట్టింగ్స్ చదవడం లిజనర్ లోపల పెట్టుకోండి.

"ఎక్స్‌టెన్షన్ కాంటెక్స్ట్ ఇన్‌వాలిడేటెడ్"

మీరు ఎక్స్‌టెన్షన్ రీలోడ్ చేశారు, పేజీ రిఫ్రెష్ చెయ్యలేదు. పాత కంటెంట్ స్క్రిప్ట్ ఆ పేజీలో ఇంకా బతికే ఉంది, కానీ వెనక్కి ఫోన్ లైన్ లేదు. డెవలప్ చేసేటప్పుడు రీలోడ్ నొక్కిన ప్రతిసారీ పేజీ కూడా రిఫ్రెష్ చెయ్యడం అలవాటు చేసుకోండి. వాడేవాళ్ళకి కూడా ఇది వస్తుంది, ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ అయినప్పుడు వాళ్ళ దగ్గర రోజుల తరబడి తెరిచి ఉన్న ట్యాబ్‌లు అలాగే ఉంటాయి. పంపే ముందు క్రోమ్.రన్‌టైమ్.ఐడీ ఉందా అని చూడండి, అన్‌డిఫైన్డ్ అయితే ఈ స్క్రిప్ట్ పని అయిపోయినట్టు, తన క్లిక్ లిజనర్లు, పేజీలో పెట్టిన పెట్టె తీసేసి ఊరుకోవాలి, లేకపోతే వాడేవాళ్ళు నొక్కిన ప్రతిసారీ ఎర్రర్ పడుతూనే ఉంటుంది.

పంపింది ఒకటి, అందింది ఇంకోటి

క్రోమ్ మామూలుగా మెసేజ్‌ని జేసన్‌గా, అంటే ఉత్త టెక్స్ట్‌గా, మార్చి పంపుతుంది. మ్యాప్ పంపితే అవతల ఖాళీ ఆబ్జెక్ట్ వస్తుంది, సెట్ కూడా అంతే, డేట్ స్ట్రింగ్ అయిపోతుంది, ఫంక్షన్లూ పేజీ ఎలిమెంట్లూ రావు, అన్‌డిఫైన్డ్ విలువ ఉన్న ఫీల్డ్ మాయమవుతుంది. మ్యాప్‌ని ఎరేగా మార్చి పంపి అక్కడ మళ్ళీ మ్యాప్ చేసుకోవాలి, బొమ్మలాంటిదైతే బేస్64 స్ట్రింగ్‌గా. ఒక మెసేజ్ 64 ఎంబీ దాటకూడదు, అయినా అంత పెద్దది మెసేజ్‌లో పంపాల్సిన అవసరం వస్తే డిజైన్ ఇంకోసారి చూసుకోవడం మంచిది. ఫైర్‌ఫాక్స్ స్ట్రక్చర్డ్ క్లోన్, అంటే విలువని దాని రూపంతో సహా కాపీ చేసే పద్ధతి, వాడుతుంది కాబట్టి అక్కడ మ్యాప్ మ్యాప్‌లాగే చేరుతుంది, రెండు బ్రౌజర్లకీ రాస్తుంటే జేసన్‌కి సరిపోయేవే పంపండి. ఫైర్‌ఫాక్స్ మానిఫెస్ట్ వీ3లో వెనకాల ఉండేది సర్వీస్ వర్కర్ కాదు, బ్యాక్‌గ్రౌండ్ స్క్రిప్ట్స్‌తో నడిచే ఈవెంట్ పేజీ, అది కూడా పని లేకపోతే ఆగిపోతుంది కాబట్టి పైన చెప్పిన స్టోరేజ్ జాగ్రత్త అక్కడా కావాలి.

ఫ్రేమ్‌లు, పేజీ సొంత కోడ్

పేజీలో ఐఫ్రేమ్‌లు (పేజీ లోపల ఇంకో పేజీ చూపించే పెట్టెలు) ఉండి, మానిఫెస్ట్‌లో ఆల్_ఫ్రేమ్స్ ట్రూ పెట్టి ఉంటే ట్యాబ్స్.సెండ్‌మెసేజ్ అన్ని ఫ్రేమ్‌లకీ వెళ్తుంది, మొదట జవాబిచ్చిన ఫ్రేమ్ మాటే మీకు అందుతుంది. ఏదో యాడ్ ఉన్న ఫ్రేమ్ ముందు జవాబిచ్చి "సెలెక్ట్ చేసిందేం లేదు" అంటే మీకు ఖాళీ వస్తుంది. ఫ్రేమ్‌ఐడీ 0 ఇస్తే పై పేజీకి మాత్రమే వెళ్తుంది, ఫలానా ఫ్రేమ్‌కే కావాలంటే సెండర్.ఫ్రేమ్‌ఐడీ దాచుకుని వాడండి.

కంటెంట్ స్క్రిప్ట్ పేజీలో ఉన్నా పేజీ జావాస్క్రిప్ట్‌కి దూరంగా వేరే గదిలో ఉంటుంది, దాన్నే ఐసొలేటెడ్ వరల్డ్ అంటారు. పేజీ వేరియబుల్స్ చూడాలని స్క్రిప్ట్‌ని మెయిన్ వరల్డ్‌లో పెడితే, మానిఫెస్ట్‌లో అలా రాయడం క్రోమ్ 111 నుంచి కుదురుతుంది, అక్కడ మామూలుగా క్రోమ్.రన్‌టైమ్ దొరకదు, "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్, రీడింగ్ సెండ్‌మెసేజ్" అని వస్తుంది. అప్పుడు రెండు అడుగులు వెయ్యాలి, మెయిన్ వరల్డ్ నుంచి విండో.పోస్ట్‌మెసేజ్‌తో కంటెంట్ స్క్రిప్ట్‌కి, అక్కడ్నుంచి రన్‌టైమ్‌తో వర్కర్‌కి. కంటెంట్ స్క్రిప్ట్‌లో అందుకునేటప్పుడు ఈవెంట్.సోర్స్ ఈ విండోనేనా, టైప్ మనదేనా చూడాలి. అయినా పేజీలో ఉన్న ఏ కోడైనా సరిగ్గా అలాంటి మెసేజే తయారుచేసి పంపగలదు, కాబట్టి దాంట్లో వచ్చిన యూఆర్ఎల్‌ని వర్కర్ గుడ్డిగా ఫెచ్ చెయ్యకూడదు, వచ్చిన టెక్స్ట్‌ని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో పెట్టకూడదు. నా ఎక్స్‌టెన్షన్‌లో వర్కర్‌కి పేజీ నుంచి వెళ్ళేది ఒక్క మాట మాత్రమే, ఏ అడ్రస్‌కి అడగాలో వర్కర్‌కే తెలుసు. చిన్న పిల్లలు వాడేదాంట్లో ఈ విషయంలో రాజీ పడలేను.

పోర్ట్ వాడుతుంటే

వరసగా చాలా మెసేజ్‌లు నడవాలంటే రన్‌టైమ్.కనెక్ట్‌తో పోర్ట్, అంటే మూసేదాకా తెరిచే ఉండే లైన్, తెరుస్తాం. పోర్ట్ తెరిచి ఉంచితే వర్కర్ బతికుంటుందని పాత సలహాలు చాలాచోట్ల ఉన్నాయి, క్రోమ్ 114 నుంచి అలా కాదు, పోర్ట్ మీద మెసేజ్ వెళ్తేనే ఆ 30 సెకన్ల లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఆన్‌డిస్కనెక్ట్ వినడం, తెగితే మళ్ళీ కనెక్ట్ అవ్వడం రాసుకోవాల్సిందే. మనమే డిస్కనెక్ట్ పిలిస్తే మన వైపు ఆ ఈవెంట్ రాదు, అవతలి వైపే వస్తుంది, మన వైపు సర్దుకోవాల్సింది ఏమైనా ఉంటే డిస్కనెక్ట్ పిలిచిన చోటే చేతితో చేసుకోవాలి.

బ్యాక్ బటన్ కూడా లెక్కలోకి తీసుకోండి. వేరే పేజీకి వెళ్ళినప్పుడు క్రోమ్ పాత పేజీని వెంటనే చంపకుండా బ్యాక్ ఫార్వర్డ్ క్యాష్‌లో దాచి ఉంచుతుంది, క్రోమ్ 123 నుంచి అలా దాచేటప్పుడు ఎక్స్‌టెన్షన్ పోర్ట్ మూసేస్తుంది. బ్యాక్ కొట్టి వెనక్కి వచ్చాక కంటెంట్ స్క్రిప్ట్ మొదటి నుంచి నడవదు, ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచే లేస్తుంది, చేతిలో మాత్రం తెగిపోయిన పోర్ట్ ఉంటుంది. పేజ్‌షో ఈవెంట్ విని, పర్సిస్టెడ్ ట్రూ అయితే కొత్త పోర్ట్ తెరవండి.

తనకి కొత్త వెర్షన్ పంపే ముందు నేను చేసింది, ఇప్పటికీ ప్రతిసారీ చేసేది ఇది: డెవ్‌టూల్స్ అన్నీ మూసేస్తా, ముందే తెరిచి ఉన్న ఒక వార్త పేజీ ఉంచుకుని ఎక్స్‌టెన్షన్ రీలోడ్ చేస్తా, రిఫ్రెష్ చెయ్యకుండా ఐకాన్ నొక్కి చూస్తా, సర్వీస్ వర్కర్ ఆపి ఒక మాట సెలెక్ట్ చేస్తా, నెట్ తీసేసి ఇంకో మాట, ఒక లింక్ నొక్కి వెళ్ళి బ్యాక్ కొట్టి ఇంకో మాట. ఆ కొత్త వెర్షన్ పంపిన రోజు రాత్రి తను ఒక సంపాదకీయం మొత్తం చదివి, 23 మాటలున్న లిస్ట్ స్క్రీన్‌షాట్ పంపింది, చివరి మాట "నిర్వివాదం".